పైసల ముచ్చట: పిల్లలకు మన సాహిత్యం చెప్పిందీ, చెప్పనిదీ

ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో ధనం మీద ఒక సీసపద్యం ఉంది. కరీంనగర్ జిల్లాలో చదువుకున్న పెద్దవాళ్లలో చాలామందికి అది నోటికి వచ్చు. (ధర్మపురి ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. ఈ వ్యాసంలో నేను పాత జిల్లాల పేర్లే వాడుతున్నా. మనుషుల అలవాట్లు జిల్లాల విభజనతో పాటు విడిపోలేదు కదా.) మొదటి పాదం జోరుగా అందుకుంటారు, మధ్యలో తడబడతారు, మకుటం దగ్గర మళ్లీ గొంతు పెంచుతారు. విషయం అందరికీ తెలిసిందే. పుడుతూ సొమ్ము తెచ్చినవాడు లేడు, పోతూ పట్టుకుపోయినవాడు లేడు. ఎంత కలిగినవాడికైనా పళ్లెంలోకి వచ్చేది అన్నమే, బంగారం కాదు. ఒకరికి పెట్టకుండా నేలలో పాతుకున్నది చివరికి పరులపాలే, తేనెటీగల కష్టం దారినపోయేవాడి పాలైనట్టు.

పద్యం గొప్పది, అందులో అనుమానం లేదు. దాచిన సొమ్ము ఎవరికి పోతుందో చెప్పేటప్పుడు శేషప్ప దొంగలనూ దొరలనూ ఒకే బంతిలో కూర్చోబెట్టాడు. ఆ జంట ఆయనకు ప్రాస కోసం దొరికిందో, బతుకులోంచి దొరికిందో గానీ, 1978లో జగిత్యాల జైత్రయాత్రలో నడిచినవాళ్లకు ఆ రెండు మాటల పొత్తు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. ఇంకో సంగతి. ధర్మపురికి దగ్గర్లోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల నాటి నాణేలు, అంతకుముందు ఆ ప్రాంతాన్ని ఏలినవాళ్ల నాణేలు అక్కడి మట్టిలో బయటపడ్డాయి. పాతిపెట్టిన ధనం ఎవరికో దక్కుతుందని పాడిన కవి ఊరి పక్కనే, రెండు వేల ఏళ్ల కిందటి ధనం పురావస్తు శాఖకు దక్కింది.

ఇక నా పేచీ. ఈ పద్యం ఎవరితో మాట్లాడుతోంది? పాతిపెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడితో. గర్వించేంత సంపాదించి, పెట్టేంత ఉండీ పెట్టనివాడితో. దాన్ని మనం ఎనిమిదేళ్ల పిల్లలతో కంఠతా పట్టించాం. ఆ పిల్లకు ఇంట్లో ఉన్న ధనమల్లా గూట్లో ఒక గల్లగురిగి. తీర్థంలో కొన్న మట్టి గురిగి, మీద సన్నటి చీలిక, లోపల రూపాయి, రెండు రూపాయల బిళ్లలు. పొద్దున బడిలో కూడబెట్టేవాడు మూర్ఖుడని పాడి, సాయంత్రం ఇంటికొచ్చి గల్లగురిగిలో రూపాయి వేసి ఊపి చూసుకుంటుంది. ఈ రెండింటికీ పొత్తు ఎట్లా కుదురుతుందో పంతులు చెప్పడు, పుస్తకం చెప్పదు, అమ్మా నాయినా చెప్పరు.

పిల్లల కోసమని మనం ఎంచిపెట్టిన తెలుగు సాహిత్యంలో డబ్బు ఎక్కడెక్కడ వస్తుందో వెతికితే వింతగా ఉంటుంది. వేమన లోభిని చంపడానికి మందూ మాకూ అక్కర్లేదంటాడు, ఒక పైస అడిగితే ప్రాణం పోతుందట. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది, నవ్వొస్తుంది కనుక. సుమతీ శతకకారుడు ఊళ్లో ఉండాల్సినవాళ్ల జాబితాలో అప్పిచ్చేవాణ్ణి అందరికన్నా ముందు పెట్టాడు, వైద్యుడు కూడా ఆయన తర్వాతే. అదే శతకంలో ఇంకోచోట అప్పు తెచ్చి దర్జా వెలగబెట్టడం చేటు తెచ్చే పనుల్లో ఒకటి. ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి, అప్పిచ్చేవాడు అంత అవసరమైతే అప్పు ఎప్పుడు మంచిది, ఎప్పుడు చెడ్డది అని అడిగిన తెలుగు పాఠం నేనైతే చూడలేదు. పంచతంత్ర హితోపదేశాల నక్క కథ సరేసరి. వేటగాడు, లేడి, పంది, పాము అన్నీ ఒక్కచోటే చచ్చి పడి ఉంటే, ఇన్ని నెలల తిండి దొరికిందని లెక్కలు వేసుకున్న నక్క, ఇవ్వాళ్టికి పొదుపుగా వింటినారి నమిలి సరిపెట్టుకుందామనుకుంటుంది. నారి తెగి విల్లు గుండెల్లో దిగుతుంది. రేపటి కోసం ఆపుకోవడమే దాని తప్పు!

పెద్దల సాహిత్యంలోకి వచ్చినా ఇదే వరస. పైస పైస లెక్కపెట్టే పాత్ర అనగానే మనకు గుర్తొచ్చేది కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు. పేరులోనే తీర్పు ఉంది. అప్పులవాళ్లను తప్పించుకు తిరిగే గిరీశం మాత్రం మనకు ముద్దు. 1959లో వచ్చిన 'అప్పుచేసి పప్పుకూడు' సినిమా పేరు సామెతే అయినా, ఆ సామెతను మనం తిట్టుగా కన్నా నవ్వుగానే ఎక్కువ వాడుకున్నాం. మొత్తమ్మీద తెలుగు సాహిత్యంలో అప్పు పడ్డవాడి మీద జాలి ఉంది, అప్పిచ్చినవాడి మీద కోపం ఉంది, దాచుకున్నవాడి మీద వెటకారం ఉంది. నెలకు వందో రెండొందలో పక్కన పెట్టి బిడ్డ ఫీజు కట్టిన మనిషికి మాత్రం కథలో చోటు లేదు. ఆమె ప్రతి వాడకట్టులోనూ ఉంటుంది.

ఈ గుంపులో ఒక్క కథ మాత్రం నాకు వేరుగా కనిపిస్తుంది. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మిత్రలాభంలో హిరణ్యకుడనే ఎలుక తన పాత బతుకు చెప్పుకుంటుంది. సన్యాసి భిక్షాన్నం చిలుకకొయ్యకు తగిలించి పెడితే, ఎలుక రోజూ అంత ఎత్తు ఎగిరి తినేది. చూడవచ్చిన ఇంకో సన్యాసికి అనుమానం వస్తుంది. ఇంత చిన్న ప్రాణికి ఇంత బలం ఊరకే రాదు, కలుగులో ఏదో ఉండాలి. తవ్వుతారు. కలుగులో ఎలుక కూడబెట్టుకున్న ధనం దొరుకుతుంది, పట్టుకుపోతారు. మర్నాటి నుంచి ఎలుక ఎగరలేదు. కాళ్లు అవే, కొయ్య అదే. వెంట తిరిగినవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటారు.

బడిలో ఈ భాగం మీద ఎక్కువసేపు ఆగరు. స్నేహం గొప్పది అని రాయించి ముందుకు పోతారు. కానీ పిల్లలకు డబ్బు గురించి నిజం చెప్పిన తెలుగు కథ ఇదేనని నా నమ్మకం. డబ్బు మంచిదనీ అనదు, పాపమనీ అనదు. డబ్బు కాళ్లలో బలమై ఎట్లా చేరుతుందో, పోయినప్పుడు ఒంట్లోంచి ఎట్లా దిగిపోతుందో చూపిస్తుంది. సిరిసిల్లలో సాంచాలు ఆగిన వారం తండ్రి నడక ఎట్లా మారుతుందో చూసిన పిల్లవాడికి హిరణ్యకుడు ఎవరో విప్పి చెప్పక్కర్లేదు. చెప్పే పంతులుకు ఆ పిల్లవాడి ఇల్లు తెలిసి ఉండాలి, అంతే.

సాహిత్యం సంగతి అట్లా ఉంచి, మన ఇండ్లల్లో పిల్లలు డబ్బు నిజంగా ఎక్కడ నేర్చుకుంటున్నారో చూద్దాం. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదంతా కథల్లోకి ఎక్కాల్సిన సరుకు.

మొదటిది ఉద్దెర. పిల్లను కిరాణా కొట్టుకు పంపుతారు. చేతిలో పైసలుండవు, నోట్లో ఒక మాట ఉంటుంది: "సేటూ, అమ్మ రాసుకొమ్మన్నది." సేటు పుస్తకం తీస్తాడు, రాస్తాడు, ఒక్కోసారి రాసే ముందు పాత బాకీ ఎంతయిందో నలుగురిలో వినపడేట్టు చదువుతాడు. ఆ పిల్ల అక్కడ రెండు నేర్చుకుంటుంది. ఇంటి పేరు మీద సరుకు వస్తుంది, అంటే పేరు కూడా డబ్బే. ఆ పేరు నలుగురిలో పోవచ్చు కూడా. బ్యాంకులు క్రెడిట్ స్కోరు అని ఇప్పుడు దేన్ని అంటున్నాయో అది మా కిరాణా కొట్లలో ఎప్పటినుంచో ఉంది, కాకపోతే దాని భారం మోసేది సరుకులకు పోయిన పిల్ల. ఉద్దెరకు మగపిల్లలు సిగ్గుపడి పోరు. అందుకని ఆడపిల్లల్ని పంపుతారు. ఇది నేను చూసిన ఇండ్ల మాట, చాలామంది ఒప్పుకుంటారనుకుంటా.

రెండోది పెండ్లిలో కట్నాలు రాసే పుస్తకం. దస్తూరి బాగున్న పిల్లవాణ్ణి పెద్దమనిషి పక్కన కూర్చోబెడతారు. ఊరు, ఇంటిపేరు, పేరు, ఎంత. నూట పదహార్లు, ఐదొందల పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు. (ఈ పదహారు ఎక్కడి నుంచి వచ్చింది? నిజాం హాలీ సిక్కా, బ్రిటిష్ రూపాయి మారకం నుంచి వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు కాబట్టి, వందకు నూట పదహారు చిల్లర. లెక్క ముచ్చటగా కుదురుతుంది. అయితే నిజాం పాలన లేని ఆంధ్ర జిల్లాల్లోనూ అదే నూట పదహారు ఉంది కనుక నాకు ఆ వివరణ మీద పూర్తి గురి లేదు.) పెండ్లి అయిపోయాక ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. రెండేళ్లకో మూడేళ్లకో ఎవరింట్లోనో శుభకార్యం వస్తే బయటికి తీస్తారు. "వాళ్లు మనకెంత పెట్టిండ్రో చూడురా." పిల్లవాడు వేలుతో వరసలు వెతుకుతాడు. పెట్టినదానికి కొంత కలిపి తిరిగి పెట్టాలి, తక్కువ పెడితే మాటొస్తుంది. ఇది దానమా, అప్పా, పొదుపా? మూడూ కొంచెం కొంచెం. వడ్డీ లేదు, కానీ పెంపు ఉంది. రసీదు లేదు, కానీ రాత ఉంది. ఒక కుటుంబం కష్టకాలం కోసం తన సొమ్మును ఊరంతా చల్లి పెట్టుకునే పద్ధతి అది. ఆ పుస్తకాన్ని నడిపే పిల్లవాడి చేతిలో ఒక ఆర్థికశాస్త్రం ఉంది, వాడికి ఆ సంగతి తెలవదు.

మూడోది దసరా జమ్మి. సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర ఆకు తెంపుకొని, ఇంటింటికీ పోయి పెద్దల చేతిలో పెట్టి, బంగారమని చెప్పి కాళ్లు మొక్కుతారు. పెద్దలు దీవించి చేతిలో ఎంతో కొంత పెడతారు. రఘుమహారాజు, కౌత్సుడు, కుబేరుడు, జమ్మిచెట్టు మీద కురిసిన బంగారం అనే కథ వెనక ఉండనే ఉంది. ఆ కథలో గమనించాల్సింది, శిష్యుడు తనకు కావలసినంతే తీసుకుంటానంటాడు, రాజు తెచ్చినదంతా ఇస్తానంటాడు, మిగిలింది ఊరి పాలవుతుంది. పిల్లల వరకు వస్తే, పెద్దల నుంచి డబ్బు రావడానికి ముందు వాళ్లు ఏదో ఒకటి ఇవ్వాలి, ఆకైనా సరే. ఉత్తచేతులతో పోకూడదు. కరీంనగర్‌లో ముస్లిం స్నేహితుల ఇండ్లల్లో రంజాన్ పండుగ నాడు పిల్లలకు ఈదీ ఇస్తారు. అక్కడ సలామ్ చేస్తే చాలు.

ఇవి చెప్తున్నానని మన సంస్కృతిలో అన్నీ ఉన్నాయిష అని మీసం తిప్పే రకం వ్యాసం అనుకోవద్దు. ఈ చదువుల్లో ఒక పెద్ద కంత ఉంది. పిల్లలకు డబ్బుతో పనులు చెప్తారు, డబ్బు గురించి చెప్పరు. ఉద్దెర తెమ్మంటారు గానీ నెల జీతమెంతో చెప్పరు. చిట్టీ పాట ఎత్తిన రోజు ఇంట్లో సంబరం కనిపిస్తుంది, అది తనకు తాను ఇచ్చుకున్న అప్పని చెప్పరు. (మా వైపు చాలా ఇండ్లల్లో పిల్లలు 'పాట' అన్న మాట మొదట వినేది చిట్టీల దగ్గరే, సంగీతం తర్వాత సంగతి.) మిత్తి రెండు రూపాయలా మూడు రూపాయలా అని గుసగుసగా మాట్లాడుకొని, పిల్లలు రాగానే "పో, ఆడుకో పో" అంటారు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు శాతమని లెక్కల పంతులు చెప్పడు, పుస్తకంలో బారువడ్డీ లెక్క ఉన్నా సరే. పుస్తకంలో రామయ్య ఎప్పుడూ ఏడాదికి ఇంత శాతం చొప్పున అప్పు తీసుకుంటాడు. మా రామయ్యలు నెలకు నూటికి ఇంత అని తీసుకుంటారు. ఒక్క అనువాదం చాలు, చేసేవాళ్లు లేరు.

బీడీలు చేసే ఇండ్లల్లో ఈ కంత ఇంకా లోతు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వేలాది ఆడవాళ్లకు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడమే బతుకు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు కత్తిరించడం దగ్గర బిడ్డ కూర్చుంటుంది, దారం చుట్టడం నేర్చుకుంటుంది, పదో తరగతి నాటికి చేతులు తల్లి చేతులంత వేగమవుతాయి. తన వేళ్ల విలువ వెయ్యికి ఎంతో ఆ పిల్లకు తెలుసు. ఆ పైసలు దేనికి పోతున్నాయో తెలియదు. తమ్ముడి ఫీజుకో, తన పెండ్లికో. గల్లగురిగి పగలగొట్టే పూట కూడా సాధారణంగా ఆడపిల్ల గురిగే ముందు పగులుతుంది. పొదుపు మంచిదని ఆడపిల్లకు చెప్పడం, ఖర్చు చేసే తీర్పు మగపిల్లవాడికి వదిలెయ్యడం మన కుటుంబ సంస్కృతిలో భాగమే. పిల్లలకు డబ్బు అలవాట్లు నేర్పాలనేవాళ్లు ముందు ఇక్కడ ఆగి మాట్లాడాలి.

ఆదిలాబాద్ అడవి పల్లెల్లోకి పోతే పాఠం మారిపోతుంది. ఎండాకాలం తునికాకు తెంపే రోజుల్లో పిల్లలు ఆకు కట్టలు కడతారు, కట్టకు యాభై ఆకులు. కల్లం దగ్గర లెక్కించేవాడు ఒక కట్ట విప్పి చూసి, తక్కువుందని పక్కన పడేస్తాడు. యాభై వరకు తప్పులేకుండా లెక్కపెట్టడం అక్కడ ఎక్కాల చదువు కాదు, కూలి. కట్ట రేటు కొన్ని పైసలు పెంచుకోవడానికి ఎంత పెద్ద పోరాటాలు జరిగాయో ఆ జిల్లా చరిత్ర తెలిసినవాళ్లకు తెలుసు.

గోండుల బతుకులో డబ్బు కన్నా ముందు కాగితం వచ్చింది. కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన తర్వాత, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితి మీద నివేదికలు రాయించుకుంది. భూమి ఎట్లా పోయింది, షావుకారి చేతిలో అప్పు ఎట్లా పెరిగింది అన్నవాటికి ఆయన చూపించిన కారణాల్లో చదువు లేకపోవడం ఒకటి. పట్టాలో ఏం రాసి ఉందో, పద్దులో ఏం రాశారో చదవగలిగినవాడు ఊళ్లో లేకపోవడం. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి భాషలో దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడు చదవడం నేర్చుకుంటే ఇంటి భూమి నిలుస్తుందన్న ఆలోచన అందులో ఉంది. మన శతకాల్లో చదువు వినయాన్నీ మర్యాదనూ తెస్తుంది. మార్లవాయిలో చదువు రసీదు చూసుకోవడానికి. నాకు రెండోదే పిల్లలకు చెప్పదగిన ప్రయోజనమనిపిస్తుంది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము' నవలను పెద్దలం పోరాట నవలగా చదువుకుంటాం. కాగితం, సంతకం, పన్ను, జరిమానా ఆ బతుకుల్లోకి ఎట్లా వచ్చాయో గమనిస్తూ చదివితే అదే నవల ఇంకో రకంగా తెరుచుకుంటుంది.

అట్లాగని గోండులకు ఉమ్మడి సొమ్ము నడపడం రాదనుకుంటే పొరపాటు. కేస్లాపూర్‌లో నాగోబా గుడిని మెస్రం వంశస్థులు తమలో తాము ఏటా చందాలు వేసుకొని కొత్తగా కట్టుకున్నారు, 2022లో పూర్తయింది. ఏళ్ల తరబడి, ఇంటింటికీ వసూలు, లెక్క. ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ చదవని కుటుంబాలు ఇంత దీర్ఘకాలం పొదుపు నిలబెట్టాయి. ఆ ఇండ్ల పిల్లలకు పొదుపు అంటే తన పేరు మీద ఉన్నది కాదు, తన వంశం పేరు మీద ఉన్నది.

ఇప్పుడు కరీంనగర్ బస్టాండు పక్క పుస్తకాల దుకాణాల్లోకి వద్దాం. పిల్లలకు, యువకులకు డబ్బు నేర్పుతామనే పుస్తకాల్లో అందరికీ పెద్దన్న 'రిచ్ డాడ్ పూర్ డాడ్'. కియోసాకి 1997లో రాశాడు, తెలుగులోనూ వచ్చింది. ఇంజనీరింగ్ చదివే పిల్లల గదుల్లో నేను చూసినన్ని కాపీలు ఇంకే పుస్తకానివీ చూడలేదు, పాఠ్యపుస్తకాలతో సహా. కథ తెలిసిందే. పెద్ద చదువులు చదివి ప్రభుత్వ కొలువు చేసిన సొంత తండ్రి 'పేద తండ్రి', స్నేహితుడి తండ్రి, వ్యాపారి, 'ధనిక తండ్రి'. ఆస్తికీ అప్పుకూ తేడా ఏమిటో ఆ పుస్తకం సులువుగా చెప్పిన మాట నిజం. మన ఇండ్లల్లో మూసిన తలుపుల వెనక జరిగే సంభాషణను అది బాహాటంగా చేస్తుంది, అందుకే పిల్లలు దాని వెంట పడ్డారు. ఆ ఆకలి నిజమైనది, దాన్ని వెక్కిరించను.

పుస్తకంలో ఒక ఘట్టం మాత్రం మింగుడు పడదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు గంటకు పది సెంట్ల కూలికి పని చేస్తాడు. అది తక్కువని నిలదీస్తే, ధనిక తండ్రి ఇక ఊరికే పని చెయ్యమంటాడు. కూలి కోసం పని చెయ్యడమే ఉచ్చు అని పిల్లవాడు గ్రహిస్తాడు. చదివేవాడికి ఇది కొత్త వెలుగు. కానీ బీడీల చాట ముందు కూర్చున్న పిల్లకు, తునికాకు కట్టలు కట్టే పిల్లవాడికి ఇది ఎట్లా వినిపించాలి? వాళ్లు ఊరికే పని చేస్తున్నారు ఇప్పటికే, దాన్ని పాఠమని ఎవరూ అనలేదు. ఆ పుస్తకంలో పేదరికం ఒక ఆలోచనా దోషం. మావైపు అది పంట ధర, మగ్గం ఆగిన నెల, గల్ఫ్‌కు పోవడానికి ఏజెంటుకు కట్టిన లక్షల మీద మిత్తి. ఇవేవీ ఆలోచన మార్చుకుంటే మారేవి కావు. ఇంకోటి, అది మొదటి పేజీల్లోనే సొంత తండ్రిని ఓడిపోయినవాడిగా చూడటం నేర్పుతుంది. సింగరేణిలో ముప్పై ఏళ్లు బాయిలోకి దిగి కొడుకును హైదరాబాద్ పంపిన తండ్రి, ఆ కొడుకు చదివే పుస్తకంలో పూర్ డాడ్. ఈ చిన్న అవమానం ఎన్ని ఇండ్లల్లో నిశ్శబ్దంగా జరుగుతోందో.

దీనికి జవాబుగా మన కథకులు ఏం రాశారు? డబ్బు కుటుంబాన్ని ఎట్లా కోస్తుందో పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి'లో రాసినంత నిర్దయగా రాసినవాళ్లు తక్కువ. ఎలుగుబంటిని ఆడించుకు బతికే ఇల్లు. దాన్ని వదిలించుకుంటే భూమి వస్తుందన్న ఆశ. ఇంట్లో బిడ్డలా పెరిగిన ప్రాణికి ఒక ధర వచ్చి పడుతుంది. ఆ ఇంట్లో పెరిగే కొడుకు ఏం నేర్చుకుంటున్నాడు అన్న ప్రశ్నతో చదివితే అది పిల్లల గురించిన నవల కూడా. అల్లం రాజయ్య కథల్లో పాలేరు, జీతం, నాగులు, బాకీ ఎంత వివరంగా ఉంటాయో చెప్పక్కర్లేదు. అంటే అప్పు మన సాహిత్యంలో పుష్కలంగా ఉంది. లేనిది రెండో వైపు.

రెండో వైపుకు ఒక ఊరి పేరు చెప్తాను: ముల్కనూరు. పాత కరీంనగర్ జిల్లా, భీమదేవరపల్లి మండలం. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి అక్కడ సహకార సంఘం పెట్టారు. అప్పు, ఎరువు, విత్తనం, పంట కొనుగోలు అన్నీ రైతులు తమ సంఘంలోనే చేసుకున్నారు. ఆ చుట్టుపక్కలే ఆడవాళ్ల పొదుపు సంఘాలు పెరిగాయి, తర్వాత ఆడవాళ్ల పాల సహకార డెయిరీ వచ్చింది. అరవై ఏళ్లు దాటినా నిలబడిన సహకార సంఘం దేశంలోనే అరుదు, దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తెలుగు కథ మాత్రం పోలేదు. షావుకారి మీద మనకు వంద కథలున్నాయి, షావుకారి అవసరం లేకుండా చేసుకున్న ఊరి మీద చెప్పుకోదగ్గ ఒక్క నవల నా కంటబడలేదు. సంఘం మీటింగులో నాటకీయత ఉండదనా? పద్దు చదువుతుంటే ఒకామె లేచి నా పది రూపాయలేవి అని అడగడంలో, ఆ పద్దు చదువుతున్నది ఏడో తరగతి చదివే ఆమె బిడ్డే కావడంలో, నాకైతే కావలసినంత నాటకం కనిపిస్తుంది. తల్లి సంఘంలో సభ్యురాలు, చదువు రాదు. బిడ్డకు చదువు వచ్చు, సభ్యత్వం లేదు. ఇద్దరూ కలిస్తేనే లెక్క.

అదే సంఘం అనే మాట తర్వాత ఏమైందో కూడా రాయాలి. మైక్రోఫైనాన్స్ కంపెనీలు గ్రూపు పద్ధతిని తీసుకొని వారం కిస్తీల అప్పులుగా మార్చాయి. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు వచ్చి గడపలో కూర్చున్నారు. ఆత్మహత్యలయ్యాయి, 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ ఏడాది ఆరేడేళ్ల పిల్లలు ఇప్పుడు ఇరవై దాటినవాళ్లు. నిన్నటిదాకా పొదుపు సంఘంలో కలిసి కూర్చున్న పక్కింటి అత్తమ్మ, పెద్దమ్మ, ఇవ్వాళ కిస్తీ కోసం తలుపు దగ్గర కూర్చోవడం చూశారు వాళ్లు. డబ్బు గురించి వాళ్లకు తెలిసింది ఏ శతకంలోనూ లేదు, కియోసాకి దగ్గరా లేదు. ఇప్పుడు వాళ్ల ఫోన్లలో రెండు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లున్నాయి, క్రికెట్ మీద పందెం కాసే యాప్‌లున్నాయి. వాళ్లలో ఎవరైనా రాస్తున్నారేమో అని నేను ప్రతి కొత్త కథల సంపుటంలోనూ వెతుకుతున్నా.

ఒక చిన్న మార్పు మాత్రం కళ్లముందే జరిగింది, కథలోకి ఇంకా రాలేదు. 2014 నుంచి పదేళ్లు దాటిన పిల్లలు తమ సంతకంతోనే పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది. గల్లగురిగిని తెరవాలంటే పగలగొట్టాలి, ఎవరు పగలగొట్టారో గూట్లో పెంకులు చెప్తాయి. ఖాతాలోంచి తీస్తే పెంకులుండవు, పాస్‌బుక్‌లో ఒక గీతే ఉంటుంది. పదకొండేళ్ల బీడీ కార్మికురాలి బిడ్డ, తన పేరు మీద పాస్‌బుక్, తమ్ముడి ఫీజు కట్టాల్సిన జూన్ నెల, విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెట్టమని అడిగే తల్లి. ఆ పిల్ల పెన్ను పట్టుకొని, సంతకం పెట్టకముందు, "ఎంత?" అని అడుగుతుంది.

ఆ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.